అరవైకీ డెబ్బైకీ నడుమ ఒక కనుమ

(తిరుపతిలో రిటైరైన ఉద్యోగులు నెలకోసారి కలుసుకునే చోట, సాధారణ బీమా రంగంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి విరమించిన ఒక అధికారి ఆరోగ్య బీమా గురించి చేసిన ప్రసంగానికి రాతరూపం. మాట తీరును చాలావరకు అట్లాగే ఉంచాం.)

పెద్దలందరికీ నమస్కారం. మైకు కొంచెం ఇటు జరపండి సామీ. వెనక వరస వాళ్లకు వినబడతా ఉందా? సరే.

నన్ను పిలిచిన మిత్రుడు ఫోన్లో ఒక మాట అన్నాడు: "ఏ కంపెనీ పాలసీ మంచిదో చెప్పేసి పో, మావాళ్లు రాసుకుంటారు" అని. ఆ పని నేను చెయ్యను. ఇప్పుడు పేరు చెప్తే, రేపు మీ క్లెయిము ఆగిన రోజు మా ఇంటి గేటు ముందర వచ్చి కూర్చుంటారు. (నవ్వులు)

నేను పాలసీలు అమ్మించినవాణ్ణి. క్లెయిములు పాస్ చేసినవాణ్ణి. కొన్నిటిని కాదని సంతకం పెట్టినవాణ్ణి కూడా, దాచుకోవడం ఎందుకు. రిటైరయ్యాక అదే కౌంటరుకు ఇవతల నిలబడ్డాను. అవతల కుర్చీలో ముప్పై ఏళ్లు కూర్చున్నా అర్థం కానిది ఇవతల మూడు గంటలు నిలబడితే అర్థమైంది.

1986లో మెడిక్లెయిమ్ అని ఆస్పత్రి ఖర్చుల పాలసీ మొదటిసారి వచ్చినప్పుడు దేశంలో సాధారణ బీమాకు నాలుగే కంపెనీలు, నాలుగూ ప్రభుత్వానివే. ఆ పాలసీ పట్టుకొని చిత్తూరులో బెల్లం మండీలన్నీ తిరిగాను. ఒక షావుకారు నన్ను మెట్టు కూడా ఎక్కనియ్యలేదు. "జబ్బు చేస్తాదని పొద్దున్నే చెప్పడానికి వచ్చినావా, పోవయ్యా" అన్నాడు. అప్పుడు జనాన్ని బతిమాలేవాళ్లం. ఇప్పుడు జనమే వచ్చి బతిమాలుతా ఉన్నారు, "సార్, మాకు ఎవరన్నా పాలసీ ఇస్తారా" అని. అడిగే వాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లు. అంటే మనమే.

ఎవరికి ఏముందో ఒకసారి చూసుకుందాం. ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు మన రాష్ట్రంలో వైద్యసేవ ఉంది. 2007లో ఆరోగ్యశ్రీ అని మొదలైంది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు, పరిమితి 25 లక్షలు. బకాయిలు రాలేదని ఆస్పత్రులు సేవలు ఆపేసిన రోజులూ చూశాం, అయినా అది లేకపోతే మన జిల్లాల్లో ఎన్ని పొలాలు అమ్ముడుపోయేవో మీకే తెలుసు. ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లలకు ఈఎస్ఐ ఉంది. శ్రీసిటీలోనో రేణిగుంట దగ్గరో చేరిన పిల్లోడికి జీతం 21 వేలు దాటిందంటే ఇంట్లో పాయసం వండుతారు. ఆ తర్వాత కొన్నాళ్లకు ఈఎస్ఐ కార్డు పనిచెయ్యదని ఎవరూ చెప్పరు. అప్పటినుంచి వాడికి ఉండేది కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీ, అది కూడా ఇస్తేనే. అందులో అమ్మానాన్నలు ఉంటే అదృష్టం.

ఇక 70 దాటినవాళ్లు. 2024 అక్టోబరు 29 నుంచి ఆయుష్మాన్ భారత్ కింద 70 నిండిన ప్రతి ఒక్కరికీ, ఆదాయం ఎంతైనా సరే, ఇంటికి ఏడాదికి 5 లక్షల వరకు చికిత్స అన్నారు. ప్రైవేటు పాలసీ ఉన్నా ఈ కార్డు తీసుకోవచ్చు. తీసుకోనివాళ్లు ఈ హాల్లో ఉంటే ఇవాళ్టి సాయంత్రమే ఆ పని చూడండి.

కింద వైద్యసేవ, పైన డెబ్బై కార్డు. నడుమ ఏముంది? ఉద్యోగం ఉన్నన్నాళ్లు కంపెనీ చూసుకుంది. అరవైకి దండ వేసి, శాలువా కప్పి, ఫోటో తీసి పంపించారు. ఆ సాయంత్రంతో చానామందికి గ్రూపు పాలసీ కూడా అయిపోయింది. అక్కడినుంచి డెబ్బై దాకా పదేళ్లు. గుండె, మోకాలు, కంటి పొర, ప్రోస్టేట్, షుగరు అన్నీ వరస పెట్టి పలకరించేది ఆ పదేళ్లలోనే. భాకరాపేట కనుమ దారి ఎక్కినవాళ్లకు తెలుసు, ఎక్కుడు మొదలుకాకముందే గేరు మార్చుకోవాలి. మలుపులో మారుద్దామంటే బండి వెనక్కి జారతాది. మనలో ఎక్కువమంది పాలసీ గురించి ఆలోచించేది ఆ మలుపులోనే. నాకు 67. ఇంకో మూడేళ్లు నేనూ ఆ కనుమలోనే ఉంటాను.

నీతి ఆయోగ్ 2021లో ఒక నివేదిక ఇచ్చింది. పేదల పథకాల్లోకి రాక, సొంతంగా బీమా కొనుక్కోలేక నడుమ మిగిలిపోయినవాళ్లు దేశ జనాభాలో కనీసం 30 శాతం, అంటే దాదాపు 40 కోట్లమంది అని అందులో రాశారు. కూటికి లేనివాళ్లు కాదు వీళ్లు. చిన్న లాడ్జీ పెట్టుకున్నవాళ్లు, పూలకొట్టువాళ్లు, రెండు టాక్సీలు తిప్పేవాళ్లు, ప్రైవేటు కాలేజీ లెక్చరర్లు. మనూరి వీధుల్లో రోజూ మనకు ఎదురుపడే మనుషులు.

ధర సంగతికి వస్తాను. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీలపై జీఎస్టీ తీసేశారు. అంతకు ముందు 18 శాతం. 40 వేల ప్రీమియానికి 7,200 పన్ను కట్టేవాళ్లం, రోగం రాకుండానే జరిమానా కట్టినట్టు. అది పోయింది, సంతోషమే. అయితే కంపెనీలు తమ ఖర్చులపై కట్టే పన్నును ఇదివరకు లెక్కలో సర్దుకునేవి, ఇప్పుడా వెసులుబాటు లేదు. ఆ భారం అసలు ప్రీమియంలోకి పాకుతుందేమో మీ రెన్యువల్ నోటీసు పక్కన పోయినేటి నోటీసు పెట్టుకొని చూసుకోండి. గ్రూపు పాలసీలకు మాత్రం 18 శాతం అట్లాగే ఉంది.

ఇంకొకటి. సీనియర్ సిటిజన్ల ప్రీమియం ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందు తమను సంప్రదించాలని నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2025 జనవరిలో కంపెనీలకు చెప్పింది. వినడానికి బాగుంది. లెక్క వేస్తే? ఈ ఏడు 40 వేలు. ఏటా పదే శాతం, అంతకు మించి ఒక్క రూపాయి పెంచలేదనుకుందాం. ఏడేళ్లకు దాదాపు 78 వేలు. అరవైలో మొదలుపెట్టినవాడు డెబ్బై చేరకముందే రెండింతలు కడతాడు. మీ పెన్షన్ ఏడేళ్లకు రెండింతలైతే చెయ్యెత్తండి. (నవ్వులు) ఒక్క చెయ్యీ లేవలేదు. ఇట్లా లేవకపోతేనే జనం ఏం చేస్తారంటే, ఒక ఏడు కట్టకుండా వదిలేస్తారు. పదిహేనేళ్లు వరసగా కట్టి, పదహారో ఏట మానేసి, పదిహేడో ఏట గుండెనొప్పితో ఆస్పత్రికి వచ్చినవాళ్లను నేను చూశాను. వాళ్లకు ఏం చెప్పాలో ఆ కుర్చీలో కూర్చున్న నాకు ఎప్పుడూ తెలియలేదు.

కొనడానికి వీలు ఉందా అనేది రెండో ప్రశ్న. 65 దాటితే కొత్త పాలసీ అమ్మక్కర్లేదు అనుకునే హద్దును 2024 ఏప్రిల్ నుంచి తీసేశారు. ఏ వయసువాళ్లకైనా పాలసీలు తయారు చెయ్యొచ్చు. చెయ్యొచ్చు అన్నారు గానీ, అడిగిన ప్రతివాడికీ ఇచ్చి తీరాలి అనలేదు. షుగరుంటే లోడింగ్ అని ప్రీమియం పెంచుతారు. స్టెంట్ పడి ఉంటే మర్యాదగా వద్దంటారు. ఇచ్చినా, ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిము ఇవ్వని కాలం, పెట్టొచ్చు. ఇంతకు ముందు నాలుగేళ్లు, ఇప్పుడు మూడుకు తగ్గించారు. కంటి పొర, హెర్నియా, మోకీలు మార్పిడి లాంటి వాటికి కొనేటప్పుడు ఆ జబ్బు లేకపోయినా చానా పాలసీల్లో రెండేళ్లు ఆగాల. అరవై రెండులో రిటైరై అప్పుడు కొన్న మనిషికి ఆ పాలసీ నిజంగా పనికొచ్చేది అరవై ఐదులో.

అందుకే నేను యాభైలో ఉన్నవాళ్లకు చెప్పేది ఒకటే. ఆఫీసు పాలసీ ఉన్నా చిన్నదైనా సొంతంగా ఒకటి పెట్టుకోండి. ఆ వెయిటింగ్ పీరియడ్లన్నీ ఉద్యోగంలో ఉండగానే గడిచిపోతాయి. అది చెయ్యనివాళ్లకు ఇంకో దారి ఉంది: ఆఫీసు గ్రూపు పాలసీ నుంచి అదే బీమా కంపెనీ ఇచ్చే వ్యక్తిగత పాలసీకి మారడం. గ్రూపులో గడిచిన కాలాన్ని వెయిటింగ్‌లో కలిపి లెక్కిస్తారు. అది రిటైర్మెంటు దండ మెడలో పడకముందే రాతపూర్వకంగా అడగాలి, తర్వాత కాదు.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని విషయం. ప్రపోజల్ ఫారం, పాలసీ కొనేటప్పుడు నింపేది. బీపీ ఉందా, షుగరుందా అని అడుగుతారు. ఏజెంటు ఏమంటాడు? "రాయొద్దు సార్, రిజెక్ట్ అవుతాది, నేను చూసుకుంటా." ఆ మాట అన్నవాడు క్లెయిము రోజున ఫోను ఎత్తడు. మా ఆఫీసులో ఆగిన ఫైళ్లలో ఎన్నో ఇట్లా మొదలైనవే. దాచిన సంగతి ఎట్లా బయటపడతాదో చెప్తాను, వినండి. రాత్రి రెండు గంటలకు ఎమర్జెన్సీకి పోతారు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు భార్యను అడుగుతాడు, "అమ్మా, షుగరు ఎప్పటినుంచి?" ఆమె భయంలో ఉంటుంది. "చానా కాలంగా ఉండాదయ్యా" అంటుంది. చానా కాలమంటే ఆ పిల్లోడికి ఎంత? చేతికొచ్చినట్టు "షుగరు, పదేళ్లు" అని కేసు షీటులో రాసి ఇంకో బెడ్డు దగ్గరికి పోతాడు. ఆ రెండు మాటలు డిశ్చార్జ్ సమ్మరీలోకి ఎక్కుతాయి. పాలసీ తీసుకొని నాలుగేళ్లు. కంపెనీ వాళ్లకు అంతకన్నా ఏం కావాల? షుగరు నిజంగా రెండేళ్లదే అయినా, పదేళ్లదని రుజువైపోయినట్టే. కాబట్టి ఇంట్లోవాళ్లకు నేర్పించండి: తారీకు తెలిస్తే తారీకు చెప్పమనండి, తెలియకపోతే తెలియదని చెప్పమనండి. డిశ్చార్జ్ సమ్మరీ చేతికి ఇచ్చేటప్పుడు ఆ వాక్యం చదివి, తప్పైతే అక్కడే దిద్దించండి. వారం తర్వాత దిద్దించిన కాగితాన్ని ఎవరూ నమ్మరు.

నిజం చెప్పినవాళ్లకూ, చిన్నాచితకా మరిచిపోయినవాళ్లకూ ఒక రక్షణ ఉంది. విడవకుండా 60 నెలలు ప్రీమియం కడితే, ఆ తర్వాత మోసం చేశారని నిరూపిస్తే తప్ప, 'మీరు చెప్పలేదు' అనే సాకుతో క్లెయిము తోసెయ్యకూడదు. ఇదివరకు ఎనిమిదేళ్లు ఉండేది, 2024లో అయిదుకు తగ్గించారు. ఏజెంట్లు ఎందుకో ఈ సంగతి పెద్దగా చెప్పరు.

ఇక ఆస్పత్రి. మా బంధువు ఒకాయన, పేరు వద్దు, ఆస్పత్రి పేరూ వద్దు. 5 లక్షల పాలసీ. రోజుకు గది అద్దె 5 వేలకు మించకూడదని అందులో ఉంది. ఇల్లాలు పక్కన పడుకోవడానికి మంచం ఉంటుందని 8 వేల గది తీసుకున్నాడు. ఆరు రోజులు. మనసులో లెక్క ఏమిటంటే, రోజుకు 3 వేలు ఎక్కువ, ఆరు రోజులకు 18 వేలు, పోతే పోనీ. బిల్లు మొత్తం 3,20,000. కంపెనీ ఇచ్చింది 1,84,000. ఆయన చేతినుంచి 1,36,000 పోయింది. 18 వేలు అనుకున్నది లక్షా ముప్పై ఆరు వేలు ఎట్లైంది?

గది అద్దె 48 వేలకు 30 వేలు ఇచ్చారు. అక్కడితో ఆగలేదు. గది పెద్దదైతే డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీ కూడా పెద్దవే అవుతాయి, ఆస్పత్రుల రేట్ల పట్టీ అట్లాగే ఉంటుంది. ఆ పద్దు లక్షా అరవై వేలు. అర్హత ఉన్నది 5 వేల గదికి, ఉన్నది 8 వేల గదిలో, కాబట్టి ఎనిమిదిలో అయిదు వంతులే, అంటే లక్ష ఇచ్చారు. మందులు, టెస్టులు, లోపల పెట్టిన పరికరాల మీద ఇట్లాంటి కోత వెయ్యకూడదని నియమం ఉంది కాబట్టి ఆ పద్దు, ఇంకో లక్ష, పూర్తిగా వచ్చింది. గ్లవ్స్, మాస్కులు లాంటి చిల్లర 12 వేలు రాలేదు. ఇట్లా చెల్లించనక్కరలేని వస్తువుల జాబితాలో 68 ఉన్నాయి. మొత్తం 2,30,000. వయసును బట్టి పాలసీలో 20 శాతం కోపే, అంటే మనం పెట్టుకోవాల్సిన వాటా, ఉంది, అది తీసేస్తే 1,84,000. ప్రతి కోతా పాలసీ కాగితంలో ఉన్నదే. మోసం ఏమీ లేదు. ఆయనకు మాత్రం మోసపోయినట్టే ఉంది. పాతికేళ్లు ఈ కోతలు వేసినవాణ్ణి నేను, సొంత మనిషికి పడ్డప్పుడు గానీ ఆ బిల్లును వరస వరసా చదవలేదు.

మన ప్రాంతానికి ఇంకో చిక్కు ఉంది. చిత్తూరు నుంచి వేలూరు అడుగు దూరం. తిరుపతి నుంచి మూడు గంటల్లో చెన్నై. కుప్పం, పలమనేరు వాళ్లు వైద్యానికి బెంగళూరుకే పోతారు. కొన్ని కంపెనీలు దేశాన్ని జోన్లుగా విడగొట్టి ప్రీమియం వేస్తాయి. చిత్తూరు చిరునామాతో కొంటే తక్కువ. అదే పాలసీతో చెన్నైలోనో బెంగళూరులోనో చేరితే బిల్లులో కొంత శాతం మనం భరించాలని లోపలి పేజీలో ఉంటుంది. మన చిరునామా చిత్తూరే, మన గుండె ఆపరేషన్ మాత్రం చెన్నైలో. కొనేటప్పుడు ఈ ఒక్క ప్రశ్న అడగండి: "వేరే జోన్లో చేరితే కోత ఎంత?"

క్యాష్‌లెస్, అంటే మనం కట్టకుండా కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టడం, దాని గురించి రెండు మాటలు. చేర్చుకునే అనుమతి గంటలో, డిశ్చార్జ్ అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలని 2024 మేలో నియమం వచ్చింది. ఆలస్యమైనందుకు ఆస్పత్రి అదనంగా వేసే డబ్బు కంపెనీయే కట్టాలి. మంచి నియమం. అయితే ఆ మూడు గంటలు ఎప్పుడు మొదలవుతాయి? డాక్టరు "ఇంటికి పోవచ్చు" అన్నప్పుడు కాదు, ఆస్పత్రి చివరి బిల్లు పంపినప్పుడు. పొద్దున తొమ్మిదికి డాక్టరు చెప్పినా, బిల్లింగ్ వాళ్లు మధ్యాహ్నం మూడుకు పంపితే లెక్క మూడు నుంచే. కాబట్టి టీపీఏను, అంటే కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థను, తిట్టే ముందు కౌంటర్లో అడగండి, "ఫైలు ఎన్ని గంటలకు పంపినారు?" అని. క్యాష్‌లెస్ కాదన్నారంటే క్లెయిము కాదన్నట్టు కాదు. కట్టుకొని, బిల్లులు పెట్టి, తర్వాత అడగొచ్చు. కట్టడానికి చేతిలో ఉండాల, అదే కదా మన బాధ.

ఇక్కడ ఒక మాట నా పాత సహోద్యోగులకు నచ్చదు, ఆస్పత్రివాళ్లకు అసలే నచ్చదు. బీమా కంపెనీ తప్పు చేస్తే అడిగే అధికారి హైదరాబాదులో ఉన్నాడు. అదే ఆపరేషన్‌కు ఒక వీధిలో ఒక రేటు, పక్క వీధిలో దానికి రెండింతలు వేస్తే అడిగేవాడెవరు? పాలసీ ఉందా లేదా అని ముందు అడిగి తర్వాత గది చూపిస్తారు. ఆ అడగడం ఎందుకో మీకు తెలుసు. ఆ బిల్లులే మరుసటేడు మన ప్రీమియంలోకి వస్తాయి. అందుకే ఎంత లేదనుకున్నా నాకు మన రుయా, స్విమ్స్, బర్డ్ లాంటి ప్రభుత్వ, దేవస్థానం ఆస్పత్రులు గుర్తొస్తాయి. తిరుపతివాళ్లకు అవి దగ్గరగా ఉండడమే సగం బీమా. దూరాన ఉన్న సత్యవేడువాళ్లకు ఆ సగం కూడా లేదు.

క్లెయిము తోసేస్తే ఏం చెయ్యాల? ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతగా పంపండి. 30 రోజులు చూడండి. జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. మనకు హైదరాబాదు ఆఫీసు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల వరకు వింటారు. కంపెనీ కాదన్న ఏడాది లోపల పోవాల. నేను ఇప్పుడు చేసే సేవ అదే, ఎవరన్నా వస్తే ఆ ఉత్తరం తెలుగులో రాసి పెడతాను. తిట్లు తీసేసి తారీకులు పెడతాను, అంతే.

ఏమన్నా అడుగుతారా?

(ఒక మహిళ: మావారికి 64. ప్రీమియం భరించలేక ఆపేద్దామంటా ఉన్నారు. ఆ డబ్బు బ్యాంకులో వేస్తే మేలు కదా?)

అమ్మా, ఆయన బండి కనుమ మధ్యలో ఉంది. ఇప్పుడు ఆపితే ఇన్నేళ్లు గడిపిన వెయిటింగ్ అంతా పోతుంది, కొత్తది ఇచ్చేవాళ్లు దొరకడం కష్టం. ఆపకుండా తగ్గించుకునే దారులు చూడండి. పాలసీ మొత్తాన్ని తగ్గించి, దాని మీద సూపర్ టాప్-అప్ తీసుకోవచ్చు. మొదటి మూడు లక్షలో అయిదు లక్షలో మనమో పాత పాలసీయో పెట్టాల, ఆ పైన వాళ్లవి అనే ఒప్పందం. మొదటి భాగం వాళ్లు మొయ్యరు కాబట్టి ప్రీమియం తక్కువ. దానికీ కొత్తగా వెయిటింగ్ ఉంటుంది, అందుకని పాతది వెంటనే తగ్గించొద్దు. వేరే కంపెనీకి మారాలంటే రెన్యువల్‌కు కనీసం 45 రోజుల ముందు పోర్టబిలిటీ అడగాల. వాళ్లు కాదంటే పాతదే కట్టండి. బ్యాంకులో వేసే డబ్బు మంచిదే, మొదటి భాగానికి అది ఆసరా. కానీ స్టెంట్లు వేసే రోజు బ్యాంకు మీరు వేసినంతే తిరిగి ఇస్తుందమ్మా.

(ఒక పెద్దాయన: పాలసీ అంతా ఇంగ్లీషే. యాభై పేజీలు. ఎట్ల చదవాల సామీ?)

యాభై పేజీలు నేనూ చదవను. కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అని నాలుగైదు పేజీలది ఇవ్వాల. గది అద్దె పరిమితి, కోపే, వెయిటింగ్, ఏవి రావు, ఫిర్యాదు ఎక్కడ, అన్నీ అందులోనే. అడిగితే మన భాషలో ఇవ్వాలని నియమం ఉంది. తెలుగులో కావాలని మెయిలు పెట్టండి, ఫోన్లో అడిగితే మరిచిపోతారు. మీ చేతిలో ఉండేది మీ పాలసీయేనా? ఇటివ్వండి. కళ్లద్దాలు ఎక్కడ పెట్టినానో... ఇదో. మూడో పేజీ. గది అద్దె, రోజుకు పాలసీ మొత్తంలో ఒక శాతం. మీది 3 లక్షలు కదా? అంటే 3 వేల గది. ఎవరైనా మనూళ్లో 3 వేలకు ఏసీ గది ఇచ్చే ఆస్పత్రి చెప్పండి, ఈయనకు రాసి పెడదాం.